చెక్క పెట్టాకే కాలు తీయాలి

లారీ ఆగిందంటే ముందు దిగేది నేనే. సీటు కింద నుంచి తుమ్మ చెక్క లాగి, ఎత్తు ఎటుందో చూసుకుని, వెనక టైరు కింద పెట్టి, కాలితో తన్ని బిగించి, "పెట్టా!" అని గొంతు చించుకుని అరవాలి. అప్పుడు స్టీరింగు ముందున్న మా ఆయన హారన్ ఒక్కసారి పొట్టిగా కొడతాడు. హారన్ కొట్టాకే ఆయన బ్రేకు మీద నుంచి కాలు తీయాలి, హారన్ విన్నాకే నేను చెక్క మీద నుంచి కాలు తీయాలి. పెళ్ళిలో పంతులు చదివిన మంత్రాలు ఒక్కటి కూడా గుర్తులేవు గానీ, ఇది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతా.

ఆడది క్లీనరుగా పోవడమేందని నరసరావుపేటలో నవ్వినోళ్ళు నవ్వారు. నవ్వుకోండి, నాకేంది! పిల్లల్లేరు. ఇంట్లో గోడలు చూస్తా కూర్చునే ఓపిక నాకు లేదు. జీతానికి పెట్టుకున్న క్లీనరు చెప్పకుండా మానేసిన రోజు, "ఇయ్యాల్టికి నేనొస్తా పద" అని ఎక్కినదాన్ని మళ్ళీ దిగలా. ఆరు టైర్ల చిన్న లారీ మాది. ఈపూరు, మాచవరం, రొంపిచర్ల పక్క పల్లెల నుంచి మిర్చి బస్తాలు, మా పక్క టిక్కీలంటాం, ఎక్కించుకుని గుంటూరు యార్డుకి తోలేవాళ్ళం. మిర్చి లేనప్పుడు పత్తి. మా ఆయనకి బండి తప్ప ఇంకో బతుకు తెలియదు. అంగడికి పోయి కూరగాయలు తెమ్మంటే పుచ్చులన్నీ ఏరుకొస్తాడు, ఇంట్లో బల్బు మార్చమంటే కరెంటాయన్ని పిలవమంటాడు. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం రాజా. అట్టా కూర్చున్నప్పుడే నాకు ఆయన నచ్చేది, ఆ మాట మొహం మీద ఎప్పుడూ చెప్పలేదనుకోండి.

"హ్యాండ్ బ్రేకు ఉండగా మళ్ళీ ఈ చెక్కెందుకయ్యా?" అని కొత్తలో అడిగా.

"హ్యాండ్ బ్రేకు మొగుడు లాంటిది, చెక్క పెళ్ళాం లాంటిది. రెండూ ఉంటేనే బండి నిలబడుద్ది."

"అందుకేనా టైరు కింద పెట్టి తొక్కించేది?" అన్నా. రెండూళ్ళు దాటేదాకా నవ్వుతానే ఉన్నాడు.

మా బండి హ్యాండ్ బ్రేకు పాతరకం. డ్రైవరుకి ఎడం పక్కన లీవరు, దాని మొదట్లో రంపం పళ్ళలాంటి పళ్ళు, అక్కణ్ణుంచి వెనక చక్రాల దాకా ఇనప కేబులు. లీవరు లాగుతుంటే టక్ టక్ మని ఒక్కో పన్నూ ఎక్కుద్ది, కేబులు బిగుసుకుంటది, డ్రమ్ముల్లో ఉన్న లైనర్లు చక్రాన్ని పట్టుకుంటాయి. అంతే, అందులో బ్రహ్మవిద్య ఏం లేదు.

అది మొదట పట్టు తప్పింది మాచవరం అవతల ఒక మిర్చి కళ్ళంలో. కళ్ళం పల్లంలో ఉంది, మేము ఎత్తు మీద ఆపాం. కింద ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి, ఆడవాళ్ళు తాలు ఏరుతున్నారు. నేను దిగి చెక్క లాగుతుంటే అది టార్పాలిన్ తాడులో ఇరుక్కుంది. ఇంకా నేను పెట్టలేదు, అరవలేదు. ఈలోపు రైతు పిలిచాడని ఈ మహానుభావుడు లీవరు లాగేసి, కాలు తీసి దిగబోయాడు. బండి మెల్లగా, ఏం ఎరగనట్టు, వెనక్కి పోవడం మొదలుపెట్టింది.

"లేవండే! లేవండి!" అని నేను పెట్టిన కేక నాకే వినపడలా. ఆడవాళ్ళు చాటలు పారేసి చెల్లాచెదరుగా పరిగెత్తారు. ఆయన మళ్ళీ ఎగిరి సీట్లో పడి కాలితో తొక్కేసరికి, బండి కాయల మీదుగా పోయి కుప్పలోకి దిగబడి ఆగింది. దేవుడి దయ, ఎవరికీ గీత కూడా పడలా. నలిగిన కాయల ఘాటుకి కళ్ళం కళ్ళమంతా దగ్గులు. రైతు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, ఆయన తిట్టడంలో తప్పు కూడా లేదు.

"చెక్క పెట్టకుండా కాలెందుకు తీశావు? నీ దుంపతెగ, అందర్నీ చంపేసేవాడివి గదా!" అని అందరి ముందూ గడ్డి పెట్టా.

"హ్యాండ్ బ్రేకు వేశానే. అది పట్టలా. కేబులు సాగినట్టుంది," అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

మరుసటి రోజు పొద్దున్నే మా మెకానిక్కు భాయ్ షెడ్డుకి పోయాం. మా బండి కొన్నప్పటి నుంచి దాని మీద చెయ్యి వేసింది ఆ భాయ్ ఒక్కడే. నన్ను చెల్లెమ్మా అంటాడు, ఆయన్ని బావా అంటాడు. రంజాన్‌కి మాకు సేమ్యా వస్తే, ఉగాదికి వాళ్ళకి బొబ్బట్లు పోతాయి. ఆయన షెడ్డులోనే కాదు, మా పక్క ఏ షెడ్డులోనైనా ఒక పద్ధతుంది. బండి లోపలికి వచ్చాక ఆ సీటు మేస్త్రీది. డ్రైవరు దిగి పక్కన నిలబడి బీడీ కాల్చుకోవాల్సిందే. బాగుచేశాక లాగి చూసేది మేస్త్రీ, ట్రయలుకి తోలేదీ మేస్త్రీయే. "ఏదీ, నేను చూస్తా" అని డ్రైవరు ఎక్కాడంటే మేస్త్రీ పనిని నమ్మలేదని అర్థం. అంత అవమానం ఎవరూ చెయ్యరు.

భాయ్ కిందకి దూరి కేబులు నట్టు బిగించాడు. ఎక్కి లీవరు లాగాడు. టక్ టక్ టక్ మంటూ పోయి ఐదో పన్ను కాడ గట్టిగా నిలిచింది. కోటప్పకొండ ఘాట్ మొదట్లో ఉన్న ఎత్తు మీదకి తోలుకుపోయి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు మీద వదిలేసి కిందకి దిగాడు. బండి గోడలా నిలబడింది. "కదిలితే చెవి కోసిస్తా చెల్లెమ్మా," అన్నాడు. మేము సంతోషంగా ఇంటికొచ్చాం.

మళ్ళీ వారానికే రొంపిచర్ల కాడ వంతెన ఎత్తు మీద, పత్తి లోడుతో ఉండగా, బండి వెనక్కి జరిగి నేను పెట్టిన చెక్క మీదకి ఎక్కింది. చెక్క కిర్రుమంది. నా ప్రాణం కూడా అట్టాగే అంది. వెనక ఆటోవాడు హారన్ మీద హారన్, నేను చెక్క మీద నా బరువంతా వేసి నిలబడ్డా. బండికి నా బరువొక లెక్కా? అయినా నిలబడ్డా.

ఈసారి భాయ్ డ్రమ్ములు ఊడదీశాడు. ఒక పక్క ఆయిలు సీలు కాస్త కారి లైనరు మీద జిడ్డు ఉంది. "దొరికింది దొంగ," అన్నాడు. సీలు మార్చి, లైనర్లు పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించి, మళ్ళీ తనే లాగి, మళ్ళీ అదే కొండకి తోలుకుపోయాడు. మళ్ళీ గోడలా నిలబడింది. మా ఆయన కింద నిలబడి బీడీ కాలుస్తా చూశాడు.

కొన్నాళ్ళకి మళ్ళీ అదే కథ. ఈసారి లీవరు పళ్ళు అరిగాయేమోనని ఆ పళ్ళ ముక్క మొత్తం కొత్తది వేశాడు. షెడ్డులో పట్టుద్ది, ఘాట్ మీద పట్టుద్ది, మా చేతికొస్తే పట్టదు. నాకైతే పిచ్చెక్కింది. బండికి దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టా, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశా. ఇంటినిండా దగ్గే మిగిలింది.

ఆ రోజుల్లో మా ఆయన నోరు పాడైపోయింది. ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అనని మనిషి భాయ్ మొహం మీదే అన్నాడు. "నీకు చూపు ఆనట్లేదు భాయ్. ఇంక పని మానెయ్." భాయ్ పానాలు సర్దుకున్నాడు. దారి పొడుగునా నేను దులిపా. "ఆయనది మనకి అన్నం పెట్టిన చెయ్యయ్యా! ఏం మాటది?" అంటే, "ఈ బండి పనైపోయిందే, దీన్ని అమ్మేద్దాం," అన్నాడు. "అమ్మేసి?" అన్నా. కిటికీలోంచి అవతలికి చూశాడు. అమ్మేస్తే ఆయన ఎవరో ఆయనకే తెలియదు. నాకూ తెలియదు.

అన్నం తినేది కుడి చేత్తో, స్టీరింగు పట్టేది కుడి చేత్తో, బీడీ కుడి చేత్తో. మనిషి ఎడం చెయ్యి ఏం చేస్తుందో ఎవరు చూస్తారు చెప్పండి? గేరు వేసేటప్పుడు లీవరుని వేళ్ళతో పట్టుకోకుండా మణికట్టుతో నెట్టేవాడు. అదేదో స్టైలనుకున్నా. సెల్లు రెండుసార్లు కిందపడి అద్దం పగిలితే తిట్టా. చొక్కా బొత్తాలు పెట్టమని నా ముందుకొచ్చి నిలబడితే, "ఈ వయసులో సరసమా?" అన్నా. సిగ్గుపడినట్టు నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఏడుపూ వస్తది, కోపమూ వస్తది.

నాలుగోసారి షెడ్డుకి మేమే పోలేదు, భాయే పిలిపించాడు. ఆయనకి నిద్ర పట్టట్లేదట. "నా చేతిలో పట్టే బ్రేకు మీ చేతిలో ఎందుకు పట్టదు? ఇది తేలాలి," అని పంతం పట్టాడు. మధ్యాహ్నం, పనోళ్ళంతా అన్నాలకి పోయారు. భాయ్ టార్చిలైటు పట్టుకుని బండి కిందకి దూరాడు.

"చెల్లెమ్మా, మనుషుల్లేరు. నువ్వెక్కి ఒకసారి లీవరు లాగు. కేబులు ఎట్టా కదులుద్దో కింద నుంచి చూస్తా."

మేస్త్రీ సీట్లో నేను కూర్చున్నా. ఎడం చేత్తో లాగా. టక్ టక్ టక్ టక్. కొత్త పళ్ళు గదా, శబ్దం కూడా కొత్తగా ఉంది.

"ఆఁ. బిగిసింది. బంగారంలా ఉంది. వదిలెయ్." కాసేపు ఏదో తడిమాడు. తర్వాత, "బావా, నువ్వెక్కు," అన్నాడు.

"నేనెందుకు భాయ్, నీ షెడ్డులో," అన్నాడు మా ఆయన.

"పర్లేదు ఎక్కు. నేనే అంటున్నాగా."

నేను దిగా, ఆయన ఎక్కాడు. నేను తలుపు కాడే నిలబడ్డా. ఆయన లాగాడు. టక్. ఒక్క పన్ను. మళ్ళీ శబ్దం లేదు.

"లాగు బావా."

"లాగా."

"ఇంకా లాగు."

"లాగుతున్నాగా భాయ్!" అని అరిచాడు. నేను చూస్తున్నా. మెడ నరాలు తేలాయి, పళ్ళు బిగబట్టాడు, భుజం వెనక్కి పోతంది. లీవరు మాత్రం లేవట్లేదు. లీవరు చుట్టూ ఉన్న వేళ్ళు ముడుచుకోవట్లేదు, ఊరికే ఆనుకుని ఉన్నాయి.

బండి కింద టార్చిలైటు ఆరిపోయింది.

భాయ్ బయటికొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. తర్వాత మా ఆయన్ని దించి, ఆ ఎడం చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఏదో సామాను పరీక్ష చేసినట్టు నొక్కి నొక్కి చూశాడు. బొటనవేలి మొదట్లో అందరికీ మెత్తగా కండ ఉంటదే, అక్కడ ఆయనకి గుంట ఉంది. నా మొగుడి చెయ్యి అది. అంత దగ్గర్నుంచి అప్పుడే చూశా.

"ఇదెప్పటి నుంచి బావా?"

"ఏది?" అన్నాడు ఆయన. తెలిసే అన్నాడు.

భాయ్ నావైపు తిరిగి, "బండికేం లేదు చెల్లెమ్మా," అన్నాడు. బండికి ఏమన్నా ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

గుంటూరులో నరాల డాక్టరు సూదులు గుచ్చి, కరెంటు పెట్టి, ఏవేవో పరీక్షలు చేయించాడు. అన్నీ అయ్యాక నింపాదిగానే చెప్పాడు, మంచాయన. కండని ఆడించే నరాలు చచ్చిపోతున్నాయంట. ఈ చెయ్యి, ఆ తర్వాత ఆ చెయ్యి, తర్వాత కాళ్ళు, మాట, మింగడం, చివరికి ఊపిరి. మెల్లగా పోతాయి. ఆపే మందు లేదు. హైదరాబాదు పోయినా ఇదే చెబుతారన్నాడు. పోయాం. అదే చెప్పారు.

మా ఆయన ఆ డాక్టర్ని అడిగింది ఒకటే. "బండి తోలచ్చా సార్?"

డాక్టరు నా వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది మా ఆయనకి. చచ్చిపోతావని చెప్పినప్పుడు కూడా అంత దిగులు పడలా.

తిరిగొచ్చాక నేరుగా భాయ్ కాడికి పోయి, "ఒకటో పన్నుకే పట్టేట్టు బిగించు," అన్నాడు.

"అట్టా బిగిస్తే లైనర్లు డ్రమ్ముకి తగిలే ఉంటాయి బావా. కాలిపోద్ది."

"కాలనీ. ఒక్క పన్ను లాగగలను గదా భాయ్. ఆ ఒక్కదానికే బిగించు."

భాయ్ బిగించాడు. తప్పని తెలిసీ బిగించాడు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు! ఒకటో పన్నుకి బండి ఆగింది. మా ఆయన పండగ వచ్చినట్టు సంబరపడ్డాడు. ఆ సంబరం సత్తెనపల్లి దాకా కూడా రాలా. వెనక చక్రాల్లోంచి కాలిన వాసన, తర్వాత పొగ. డ్రమ్ము మీద చెయ్యి పెడితే బొబ్బ లేచేట్టుంది. రోడ్డు పక్కన ఆపేసి అది చల్లారేదాకా ఇద్దరం తంగేడు పొదల కాడ కూర్చున్నాం. తిరిగొచ్చాక భాయ్ నట్టు మళ్ళీ వదులు చేశాడు.

తర్వాత నేనే అన్నా. "లీవరు మన ఇద్దరి మధ్యేగా ఉంది. నేను లాగుతా."

అట్టా ఒక మిర్చి సీజను తోలాం. "వెయ్యి" అంటే హ్యాండ్ బ్రేకు వేసేదాన్ని. వేసి దిగి, చెక్క పెట్టి, పెట్టా అని అరిస్తే హారన్ కొట్టేవాడు. కొన్నాళ్ళకి గేరు కూడా నాదే అయింది. క్లచ్చి తొక్కి "రెండు" అనేవాడు, రెండేసేదాన్ని. "మూడు" అంటే మూడు. మొదట్లో గేరు పడక బండి అరిస్తే, "దాని పీక పిసకమాకే, మెల్లగా!" అని తిట్టేవాడు. "నీ నోరు మాత్రం బాగానే పనిచేస్తంది," అనేదాన్ని. యార్డులో హమాలీలు మా ఇద్దర్నీ చూసి నవ్వేవాళ్ళు. అది తప్పని, ఎవరికన్నా ప్రమాదమని నాకు తెలుసు. భాయ్ కూడా వద్దని మొత్తుకున్నాడు. అయినా పోయాం. ఇంట్లో కూర్చోబెడితే ఆయన ముందే పోయేవాడు.

సీజను చివర్లో, గుంటూరు నుంచి ఖాళీ బండితో వస్తా, ఫిరంగిపురం దాటాక ఆయన బండి పక్కకి తీసి ఆపాడు. ఆపి, హారన్ కొట్టాడు. నేనింకా సీట్లోనే ఉన్నా.

"ఇంకా దిగనే లేదు గదయ్యా, ఎందుకు కొట్టావు?"

స్టీరింగు మీదున్న కుడిచేతి వైపు చూసుకున్నాడు. "ఇంక నావల్ల కాదే," అన్నాడు.

నేను హ్యాండ్ బ్రేకు లాగా. దిగి చెక్క పెట్టా. అరిచా. హారన్ మళ్ళీ కొట్టాడు, బరువుగా, మోచేత్తో. భాయ్‌కి ఫోను చేస్తే బస్సెక్కి వచ్చి మమ్మల్నీ బండినీ ఇంటికి చేర్చాడు. ఆ రోజు ఆయన క్లీనరు పక్క కిటికీ కాడ కూర్చున్నాడు. మధ్యలో నేను. దారిలో ఎత్తొచ్చినప్పుడల్లా ఆయన కాలు కింద ఉత్త రేకునే తొక్కుతా ఉంది.

బండిని మాచర్లలో నాపరాళ్ళు తోలే ఒకాయన కొన్నాడు. తీసుకుపోయే రోజు వాళ్ళ డ్రైవరు ఎక్కి అన్నీ కదిపి చూశాడు. హ్యాండ్ బ్రేకు లాగితే టక్ టక్ టక్ టక్ మని పళ్ళన్నీ పలికాయి. "బ్రేకు సూపరుగా ఉందే!" అన్నాడు. మా ఆయన కుర్చీలో కూర్చుని తలూపాడు. సీటు కింద చెక్క నేను తీసేసుకున్నా. "అది బండితో రాదా అమ్మా?" అన్నాడు ఆ డ్రైవరు. "రాదు. ఏ వడ్రంగి కాడన్నా కొత్తది చేయించుకో," అన్నా. గట్టిగానే అన్నా.

ఇప్పుడు ఆయనకి చక్రాల కుర్చీ. భాయే తెచ్చాడు. మా వాకిట్లో మెట్లు తీసేసి సిమెంటుతో ఏటవాలుగా పోయించింది కూడా భాయే. కుర్చీకి పక్కన చిన్న బ్రేకు లీవర్లుంటాయి. వాటిని కూడా ఊడదీసి, బిగించి, మా ఏటవాలు మీద పెట్టి చూసి, చెవి కోసిస్తానని చెప్పాడు. నిజమే, చక్కగా పడుతుంది. మాట మొన్నటి వానాకాలంలో పోయింది. మింగడం కూడా కష్టంగానే ఉంది, జావ అయినా స్పూనుతో కొంచెం కొంచెం పోసి, గొంతు దిగిందో లేదో చూడాలి. ఇంకెన్నాళ్ళని డాక్టర్ని నేను అడగలా, ఆయన చెప్పలా. బాగవుతాడని ఎవరన్నా అంటే ఒళ్ళు మండిపోద్ది. బాగవడు.

సాయంత్రం పూట ఎండ తగ్గాక ఆయన్ని వాకిట్లోకి తీసుకొస్తా, రోడ్డు మీద పోయే బండ్లు చూసుకోవడానికి. ఏటవాలు మీద ఆపి రెండు బ్రేకులూ వేస్తా. అయినా ఆయన రోడ్డు వైపు చూడడు. కళ్ళు తిప్పి, కిందకి, వెనక చక్రం వైపు చూస్తాడు. నేను అటు పోయేదాకా అట్టాగే చూస్తాడు. గుమ్మం పక్కన పెట్టుకున్న తుమ్మ చెక్క తెచ్చి, చక్రం కింద పెట్టి, కాలితో తన్ని బిగించి, "పెట్టా!" అని అరుస్తా. గొంతు చించుకునే అరుస్తా. వీధిలోవాళ్ళకి అలవాటైపోయింది, ఇప్పుడెవరూ తిరిగి చూడట్లేదు.

అరిచాక అట్టాగే నిలబడి ఉంటా. హారన్ రాదని తెలుసు. అయినా చెక్క మీద నుంచి కాలు తియ్యబుద్ధి కాదు.